అయిదు కాళ్ల చీమ

నిన్న మధ్యాహ్నం ఖరగ్‌పూర్ నుంచి పాత పొరుగావిడ ఫోన్ చేసింది. ఝపటాపూర్‌లో ఇల్లు కట్టుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయిన మనిషి. చేపల ధరతో మొదలుపెట్టి, కూతురి పురుడు దాకా వచ్చి, ఇక పెట్టేస్తుందనగా, "అన్నట్టు మన టీచరమ్మ పోయినాదంట, తెలుసా నీకు?" అంది. ఇలాంటి మాట చిట్టచివర చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "దగ్గరెవులున్నారంట?" అని అడిగాను. "అన్నగారి కూతురుందట. అయినా మొదట అదేటి అడుగుతావు?" అంది. ఆవిడ విషయంలో నాకు మొదట తోచేది అదే మరి.

ఆవిడ పేరు రాయను. తన పేరు నలుగురిలో వినబడితేనే కంగారు పడే మనిషి. ఎనభైల్లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో టీచరమ్మ అంటే ఆవిడే. తెలుగు బడిలో సైన్సు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు, రైల్వే ఆఫీసులో పనిచేసే అన్నగారి దగ్గర ఉండేది. వాళ్ల క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య నడుమెత్తు గోడ. సన్నగా, పొట్టిగా, ఎప్పుడు చూసినా బండి తప్పిపోతున్నట్టు ఉండేది. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు, సంచిలో దూది, టింక్చరు సీసా. దారిలో ఎవరికైనా దెబ్బ తగలొచ్చు కదా అని. మనిషి ఎదురుపడితే "బాగున్నారా" అనేది కాదు, "ఏం కాలేదు కదా?" అనేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను హడలెత్తిపోయేదాన్ని. ఏదో అయిందని తెలిసే అడుగుతోందేమో అనుకునేదాన్ని.

ఆవిడతో గోల్‌బజార్ వెళ్లడమంటే ఒక యాతన. రిక్షా ఎక్కిన దగ్గర్నుంచి "ఆస్తే దాదా, ఆస్తే" అని ఒకటే గోల. నెమ్మదిగా పోవయ్యా అని. ఒకసారి ఆ రిక్షా అతను విసుగెత్తి కిందికి దిగి, బండిని చేత్తో లాక్కుంటూ నడిచాడు. "ఇబార్ ఠీక్ ఆఛే, దీదీ?" అన్నాడు, ఇప్పుడు సరిపోయిందా అక్కా అని ఎగతాళిగా. ఆవిడ నిజంగానే సంతోషించి, "ఇలా అయితే బాగుంది బాబూ" అంది. నాకు నవ్వాపుకోలేక పొలమారింది.

సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరన్ కూయగానే రోడ్డు నిండా సైకిళ్లు వచ్చేవి. అప్పుడు ఆవిడ గేటు పట్టుకుని నిలబడేది. మా వరసలో మగవాళ్లందరూ ఇళ్లకు చేరేదాకా లోపలికి వెళ్లేది కాదు. ఎవరైనా కనబడకపోతే వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి, "ఓవర్‌టైమా అమ్మా? ఏం కాలేదు కదా?" అని అడిగేది. ఆడవాళ్లం విసుక్కునేవాళ్లం. మన మొగుళ్ల లెక్క ఈవిడకెందుకే అని నేనే రెండు మూడుసార్లు అన్నాను. తీరా ఆవిడ ఊరెళ్లిన రోజున మాకే సాయంత్రం తోచేది కాదు.

ఇంకొకటి, ఆవిడ ఏది చెప్పినా చివర "తప్పయినా కావచ్చు" అని కలిపేది. వాన వచ్చేలా ఉందని చెప్పినా అంతే. బడిలో పాఠం చెప్పి కూడా అలాగే అనేదట. సైన్సు టీచరు అలా అంటే పిల్లలు ఊరుకుంటారా? వాళ్లు ఆ మాటనే ఆవిడకి పేరుగా పెట్టేశారు.

చీమల సంగతి నాకు ఒక ఆదివారం తెలిసింది. మా దొడ్డిగుమ్మం దగ్గర నల్లటి గండుచీమలు, ఎర్రచీమలు కలబడ్డాయి. బెల్లం డబ్బా మీదికి వస్తాయని నేను గిన్నెడు వేణ్ణీళ్లు తెచ్చాను. "ఆగాగు అమ్మాయ్!" అంటూ టీచరమ్మ గోడ ఎక్కి ఇటు దూకేసింది. రోడ్డు దాటడానికి పది నిమిషాలు ఆలోచించే మనిషి! చీర అంచు చిరిగింది కూడా. అది చూసుకోలేదు, నా చెయ్యి పట్టుకుని కింద కూలేసింది.

"ఆ చీమ నోట్లో ఏముందో చూడు."

"సచ్చిన సీమండి."

"చావలేదు. కాలు ఆడిస్తోంది, సరిగ్గా చూడు. చచ్చినదాన్ని దూరంగా ఈడ్చుకెళ్లి పారేస్తాయి. దెబ్బతిన్నదాన్ని ఇంట్లోకి తీసుకెళ్తాయి. ఇది ఎటు పోతోంది?"

గోడ పగుల్లోకే పోతోంది. ఆవిడ అక్కడున్న పెంకుముక్కని మెల్లగా జరిపి, తన కళ్లజోడు తీసి ఒక అద్దాన్ని వాటి మీదికి వంచి పట్టింది. మోసుకొచ్చినది తన బరువు దించింది. దెబ్బతిన్నది పక్కకి ఒరిగి ఉంది. ఇంకో చీమ వచ్చి దాని కాలిని నోటితో తడమడం మొదలుపెట్టింది.

"నాకుతోంది. అదే వైద్యం," అంది టీచరమ్మ గుసగుసగా, గట్టిగా అంటే వాటికి ఇబ్బందన్నట్టు. "కొన్నిటికి ఇంతే. కొన్నిటికి మాత్రం కాలు మొదట్లో కొరికి తీసేస్తాయి. నేను చూశాను. కొరుకుతుంటే అది పారిపోదమ్మా, కాలు చాపి పెడుతుంది. ఎప్పుడు నాకాలో, ఎప్పుడు కొరకాలో వాటికెలా తెలుస్తుందో. తప్పయినా కావచ్చు."

ఇప్పుడు ఇవన్నీ టీవీలో చూపిస్తున్నారని మా మనవరాలు అంటుంది. అప్పుడు మాత్రం, పాపం పెళ్లీ పిల్లలూ లేక ఇలా తయారైంది అనుకున్నాను. అయినా వేణ్ణీళ్లు పొయ్యబుద్ధి కాలేదు. తులసికోట పక్కన పారబోశాను.

ఆ ఏడే మా ఆయనకి ట్రేడ్ టెస్ట్ వచ్చింది. ఖలాసీగా చేరి ఏళ్లకేళ్లు ఇనుము మోసిన మనిషి. ఆ పరీక్ష గట్టెక్కితే ఫిట్టరు. మా ఇంట్లో అన్నం తింటున్నా, పిల్లలకి తల దువ్వుతున్నా అదే మాట. సరిగ్గా అప్పుడు, దొడ్లో బొగ్గుల కొట్టు కప్పు సరిచేస్తూ తుప్పు పట్టిన రేకు మీద కాలు వేశాడు. బొటనవేలి పక్కన లోతుగా తెగింది. ఆసుపత్రికి పదమన్నాను. "ఎల్తే సిక్‌లో పెట్టీసి ఇంటికాడ కూకోబెడతారు. సిక్‌లో ఉన్నోడికి టెస్టెవుడెడతాడే?" అన్నాడు. పసుపు అద్ది కట్టు కట్టాను.

వర్క్‌షాపులో మా శ్రీకాకుళం వైపు వాళ్ల గ్యాంగుల్లో ఒక పద్ధతి ఉండేది. ఒకడికి ఒంట్లో బాగోకపోతే మిగతావాళ్లు వాడి పని పంచేసుకుంటారు, పైకి పొక్కనివ్వరు. పొద్దున్న సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్తారు, లోపల ఏదో మూల పెట్టె మీద కూర్చోబెట్టి చేతికి ఒక రెంచి ఇస్తారు, సాయంత్రం మళ్లీ ఇంట్లో దింపుతారు. మా ఆయనకీ అదే జరిగింది. గ్యాంగు మేస్త్రీ, తెల్లమీసాల పెద్దమనిషి, స్వయంగా మా ఇంటికి వచ్చి చెప్పాడు. "నువ్వు బెంగెట్టుకోకు తల్లీ. ఆణ్ణి మేం సూసుకుంతాం. టెస్టయ్యేదాకా ఆసుపత్రి మాట ఎత్తకు." నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సొంత అన్నదమ్ములు చేస్తారా ఇంత? దండం పెట్టాను.

ఆ దండం పెట్టిన చేతులతోనే రోజూ కట్టు మీద కట్టు కట్టాను. ఆయన విప్పనిచ్చేవాడు కాదు. "మానుతున్న పుండుని కెలక్కు" అనేవాడు.

గేటు దగ్గర నిలబడే మనిషి కళ్లు కప్పడం ఎవరి తరం? రెండు మూడు సాయంత్రాలు చూసి, టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "మీ ఆయన ఎప్పుడూ అందరికన్నా వెనకాల ఒక్కడే ఈల వేసుకుంటూ వస్తాడు. ఈ మధ్య నలుగురి మధ్యలో వస్తున్నాడు. ఏం కాలేదు కదా?"

"ఏటీ నేదండి. సైకిలు సెయినూడిపోనాది," అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చివరికి నాకు కోపం వచ్చి, ఉన్నదంతా కక్కేశాను. ఆయన గ్యాంగువాళ్లు ఎంత బాగా చూసుకుంటున్నారో చెప్పాను. మధ్యలో మీరెళ్లి ఎవరికైనా చెప్పి మా నోట్లో మట్టి కొట్టొద్దన్నాను. ఆవిడ గోడ అంచుని గట్టిగా పట్టుకుంది.

"మోసుకొస్తున్నారు, బాగానే ఉంది. మోసుకొచ్చాక ఏం చేస్తున్నారు?"

"కట్టు కడతన్నాను కదండీ."

"కట్టడం కాదమ్మాయ్, విప్పడం ఎవరు చేస్తున్నారు? చీమలు మోసుకొచ్చి మూసిపెట్టవు. నోరు పెట్టి శుభ్రం చేస్తాయి. మీరందరూ కలిసి మోయడం ఒక్కటే చేస్తున్నారు."

చీమలట, చీమలు! నా మొగుడు మనిషండీ అని విసురుగా లోపలికి వచ్చేశాను. వచ్చాను గానీ చెయ్యి పని మీద ఆడలేదు. ఆయన ఇంటికి వచ్చి, "ఇయ్యాల నొప్పే నేదే, తగ్గిపోనాది" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఎక్కడ లేని భయం పట్టుకుంది. కాలు ఒళ్లో పెట్టుకుని బలవంతంగా కట్టు విప్పాను. వాసన ముందు వచ్చింది. వేళ్లు నల్లగా ఉన్నాయి. నేను వేలితో నొక్కితే ఆయనకి తెలియలేదు. "ఏటే, ఏటయినాది?" అంటూనే ఉన్నాడు. గోడ దగ్గరికి పరుగెత్తి "టీచరమ్మా!" అని ఒక్క కేక పెట్టాను.

ఎలా వచ్చిందో, రిక్షా ఎలా పిలిచిందో నాకు తెలీదు. ఆ రోజు దారంతా "జల్దీ దాదా, జల్దీ" అంటూనే ఉంది.

రైల్వే ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు రక్తం పరీక్ష చేయించి ఒంట్లో షుగరు ఉందన్నాడు. అది మాకు అప్పటిదాకా తెలియదు. మర్నాడు పొద్దున్న మళ్లీ కాలు చూసి, "ఆజ్ పంజా, కల్ ఘుట్నా" అన్నాడు. ఇవాళయితే ముందుపాదం తీస్తే సరిపోతుంది, రేపయితే మోకాలి దాకా తియ్యాలి. ఆ తర్వాత సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సాయంత్రం లోగా ఒప్పుకోమన్నాడు.

మా ఆయన ఒప్పుకోలేదు. "పాదం నేని కలాసీని ఎవుడుంచుతాడు? ఇంటికి తోలేస్తారు. ఈ గుంటల్ని ఏటెట్టి పెంచుతావు?" అని నా మీద అరిచాడు. మధ్యాహ్నం చూడ్డానికి గ్యాంగు గ్యాంగంతా వచ్చింది. వాళ్లయినా చెబుతారని ఆశపడ్డాను. ఒక్కడూ తల ఎత్తలేదు. మేస్త్రీ మంచం పట్టె నిమురుతూ, "రేపటిదాకా సూద్దారి. తగ్గుతాదేమో" అన్నాడు. మంచివాళ్లే, ప్రాణం పెట్టేవాళ్లే. ఆయన బాధపడతాడని ఆయన మాటకే తాళం వేస్తున్నారు. గోడ గడియారం వంక చూస్తుంటే నా ప్రాణం కడబట్టిపోతోంది. వాళ్లందరినీ చీపురు తిరగేసి కొట్టాలనిపించింది.

అప్పుడు వచ్చింది టీచరమ్మ, బడి నుంచి తిన్నగా, చేతికి సుద్దపొడితో. వస్తూనే అలవాటు చొప్పున "ఏం కాలేదు కదా?" అనేసి, నాలిక కరుచుకుంది. మంచం కాళ్ల వైపు నిలబడింది. తిట్టేస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"మా గోడ దగ్గర ఒక చీమ ఉంది బాబూ," అంది మా ఆయనతో. "ఎర్రచీమ కరిచి కాలు పాడయింది. మిగతావి దాన్ని ఇంటికి మోసుకెళ్లి, ఆ కాలు మొదలంటా కొరికేశాయి."

గ్యాంగువాళ్లు మొహాలు చూసుకున్నారు. మా ఆయన మాత్రం చూపు తిప్పలేదు. "సచ్చిపోనాదా?" అని అడిగాడు. అంత చిన్న గొంతు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"లేదు. అయిదు కాళ్లతో తిరుగుతోంది. పనికి వస్తోంది. మొన్న కూడా చూశాను. మిగతావి దాన్ని పక్కకి తొయ్యలేదు. బరువైతే అవి ఎత్తుతాయి, ఇది పక్కన నడుస్తుంది."

ఒక్క మాట తడబడలేదు. తప్పయినా కావచ్చు అనలేదు. అనలేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు. ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది.

"ఇతను సగం పాదంతో వస్తే మీరేం చేస్తారు? అది తెలియకే ఇతను ఒప్పుకోవడం లేదు. నన్ను చూస్తారేం, ఇతనికి చెప్పండి."

మేస్త్రీ మీసాలు అదిరాయి. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మా ఆయన గడ్డం పట్టుకున్నాడు. "కోయించుకోరా నాయనా. సీమలు సేసినపాటి మనం సెయ్యలేమేట్రా? ఏ ఆఫీసరు కాళ్లో పట్టుకుంతాను, కూకుని సేసే పని ఇప్పిస్తాను. నిన్ను ఒగ్గీసి మేం ఎక్కడికి పోతాం?" ఇంకొకడు "అన్నా, నాను రోజూ ఎక్కించుకెళ్తాను" అన్నాడు. మాట్లాడడం చేతకానివాడు వచ్చి ఊరికే ఆ పాడయిన కాలి మీద చెయ్యి వేశాడు. మా ఆయన అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, నాతో "సరే, డాకటరుకి సెప్పు" అన్నాడు.

లోపల కోస్తున్నంతసేపూ టీచరమ్మ నా పక్కన బెంచీ మీదే కూర్చుంది. మనిషి పాలిపోయింది. గొడుగు బొత్తం పెట్టడం, తియ్యడం, పెట్టడం. "ఏటీ కాదు కదండీ?" అని ఈసారి నేను అడిగాను. ఆవిడ గొడుగు బొత్తం మళ్లీ తీసింది. రక్తమంటే భయం కాబోలు అనుకున్నాను.

ఆయన బతికాడు. మడమా సగం పాదమూ మిగిలాయి. ట్రేడ్ టెస్ట్ పోయింది, ఫిట్టరు కాలేదు. ఆ దిగులు ఆయనకి పూర్తిగా ఎప్పుడూ పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి పనిముట్ల గదిలో కూర్చుని సామాను ఇచ్చి పుచ్చుకునే పని వేయించాడు. ముందు గుడ్డలు కుక్కిన బూటు వేసుకుని, ఒక పక్కకి ఒరుగుతూ నడిచేవాడు. గ్యాంగువాళ్లు టీలు ఆ గది ముందే తాగేవారు.

టీచరమ్మ రోజూ గోడ మీంచి అడిగేది. "రంగు మారలేదు కదా బాబూ? నొప్పి లేదు కదా?" ఆయన నవ్వుతూ కాలెత్తి చూపించేవాడు. ఎంత చూసినా ఆవిడ మొహంలో నెమ్మది ఉండేది కాదు. చీమల దగ్గర కూర్చోవడం మానేసింది. ఎందుకండీ అంటే "మోకాళ్లు పట్టేస్తున్నాయి" అనేది. నేను నమ్మాను.

తొంభైల్లో అన్నగారు రిటైరయ్యారు. ఇద్దరూ విజయనగరం వెళ్లిపోతున్నారు. బయలుదేరే రోజు పొద్దున్న ఆవిడ మా ఇంటికి వచ్చింది. టీ ఇచ్చాను, తాగలేదు. రిక్షా వచ్చి వాళ్ల గేటు దగ్గర ఆగింది. అయినా లేవదు. మా ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఆ అయిదు కాళ్ల చీమ సంగతి," అంది ఉన్నట్టుండి. "దాన్ని నేను చూడలేదు బాబూ."

మాకు అర్థం కాలేదు.

"కాలు కొరకడం చూశాను. ఆ తర్వాత దాన్ని లోపలికి లాక్కుపోయాయి. మళ్లీ బయటికి వస్తుందేమోనని రోజూ కూర్చున్నాను. రాలేదు. చచ్చిపోయిందనే అనుకున్నాను. అలా అనుకుంటూనే నీకు బతికిందని చెప్పాను. ఇన్నేళ్లూ నువ్వు నడుస్తుంటే చూస్తూ, ఇవాళ కాకపోతే రేపు ఏదో అవుతుంది, నా మాట విని కోయించుకున్నాడు అని..." ఆపైన చెప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఆయనకి ఆ రోజు ఏమైనా అయి ఉంటే? ఒక్క క్షణం ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. మా ఆయన తన బూటు వంక చూసుకున్నాడు.

"ఆ రోజు మీరు తెల్దని సెప్పుంటే, నాను కోయించుకుందునా?" అని అడిగాడు.

"కోయించుకునేవాడివి కాదు."

"మరి?" అని లేచాడు. పక్కన వాళ్ల అరుగు మీద ఉన్న ఆవిడ ఇనప్పెట్టె దగ్గరికి వెళ్లి, దాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "వద్దు బాబూ, బరువు, ఆ పాదం..." అంటూ ఆవిడ వెంటపడింది.

"అడ్డం రాకండి టీచరమ్మా. ఎనకాలే నడిసి రండి," అన్నాడు. "ఈపాలి సరిగ్గా సూడండి. రేపు ఇంకెవుడికైనా సెప్పాల్సొస్తే నిజిమే సెప్పొచ్చు."

ఆవిడ రిక్షా దాకా తల ఎత్తకుండా, ఆ పాదాన్నే చూస్తూ నడిచింది.